మంచుకొండ మీద మనిషెందుకు?

"ఇన్ని శాటిలైట్లున్న కాలంలో కొండెక్కి థర్మామీటరు చూసేవాడికి జీతమా? శుద్ధ దండగ!" సహం వచ్చాక ఈ మాట నేను చాలాసార్లే విన్నాను. అన్నవాళ్ళలో ఎక్కువమంది నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళే కావడం విశేషం. సర్వర్ లాగులు మూణ్ణెల్లు దాచలేదని తెలిస్తే క్లయింటు మీద ఇంతెత్తున లేచే మనమే, భూమి లాగులు రాసిపెట్టేవాణ్ణి ఇంటికి పంపెయ్యమంటున్నాం. ఇదెక్కడి న్యాయమండీ?

ఆస్ట్రియా ఆల్ప్స్‌లో సోన్‌బ్లిక్ అని ఒక శిఖరముంది. ఎత్తు 3,106 మీటర్లు, ఒంటినిండా మంచు. కింది లోయలో బంగారు గని నడిపిన ఇగ్నాజ్ రోయాఖర్, వియన్నా శాస్త్రవేత్త యూలియుస్ హాన్ ప్రోద్బలంతో ఆ కొండ నెత్తిన వాతావరణ కేంద్రం కట్టించాడు. 1886 సెప్టెంబరులో మొదలయింది. సామ్రాజ్యం కూలింది, రెండు ప్రపంచయుద్ధాలు వచ్చిపోయాయి, డబ్బుల్లేక మూతపడే గండాలూ వచ్చాయి. లెక్క రాయడం మాత్రం దాదాపుగా ఆగలేదు. ఇప్పటికీ ఏడాది పొడుగునా అక్కడ మనుషులుంటారు.

మొదటి వాతావరణ ఉపగ్రహం టైరోస్ ఎగిరింది 1960లో. అంతకు ముందరి 74 ఏళ్ళలో ఆ శిఖరం మీద చలెంత, గాలెంత అనేది ఏ శాటిలైటు చెబుతుంది? పంతొమ్మిదో శతాబ్దం చివర్నించీ ఆల్ప్స్ సుమారు 2 డిగ్రీలు వేడెక్కాయని, అది ప్రపంచ సగటుకి దాదాపు రెట్టింపని ఇవాళ మనం ధైర్యంగా అంటున్నామంటే, ఇలాంటి పుస్తకాల పుణ్యమే. పైగా శాటిలైటు ఉష్ణోగ్రతని కొలవదు, కాంతిని కొలిచి లెక్కగడుతుంది. ఆ లెక్క సరిపోయిందో లేదో తేల్చాలంటే కింద ఎవరో ఒకరు నిజంగా కొలిచి ఉండాలిగా!

"సరే, ఏఐ ఉంది కదా?" ఉంది. 2023లో వచ్చిన గ్రాఫ్‌కాస్ట్ పాత మోడళ్ళని చాలా విషయాల్లో ఓడించింది కూడా. మరి అది దేన్ని చదివి పాఠం నేర్చుకుంది? దశాబ్దాలుగా ప్రపంచమంతా కొలిచి పోగేసిన అంకెల్నే. పాలు బాగున్నాయి కాబట్టి గేదెని అమ్మేద్దామన్నట్టుంది వీళ్ళ వాదన.

ఇక ఆటోమేటిక్ మిషన్లు. అవి ఉండాల్సిందే, కాదన్నదెవరు? కానీ మంచుకొండ మీద మబ్బే వచ్చి పరికరానికి గడ్డకట్టుకుంటుంది. గాలిమర బిగుసుకుపోయి తుఫానులో కూడా సున్నా చూపిస్తుంది. దాన్ని గోకి వదిలించేందుకు ఓ చెయ్యి కావాలి, ఈ సున్నా అబద్ధమని రాసేందుకు ఓ బుర్ర కావాలి.

బ్రిటిషువాళ్ళు ఈ పొదుపు లెక్కే వేశారు. స్కాట్లండ్‌లో బెన్ నెవిస్ మీద 1883లో పెట్టిన కేంద్రాన్ని నిధుల్లేవని 1904లో మూసేశారు. ఆ కొండ మీద 1894లో కొన్నాళ్ళు పనిచేసిన సి.టి.ఆర్. విల్సన్, అక్కడ మబ్బుల్లో చూసిన కాంతి వలయాల్ని ప్రయోగశాలలో పుట్టించబోయి క్లౌడ్ చాంబర్ తయారుచేశాడు, 1927లో నోబెల్ కొట్టాడు. (థర్మామీటరు చూడ్డం దండగన్నవాళ్ళు ఈ ముక్క ఇంకోసారి చదువుకోండి.)

మనవాళ్ళ సంగతి చెప్పుకోకపోతే తప్పవుతుంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలోనే సొంత డబ్బుతో వేధశాల పెట్టారు. ఆ తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి వాతావరణం లెక్కలు కూడా రాయించారు. సోన్‌బ్లిక్ కంటే నలభై ఏళ్ళు పైగా ముందన్నమాట! అదిప్పుడు లేదు. మొదలెట్టడం మనకి చేతకాక కాదు, తర్వాతి తరాలు పట్టించుకోకే పోయింది.

"ఆల్ప్స్ గోల మనకెందుకు?" అనేవాళ్ళకి ఇంటిదగ్గరి సంగతే చెప్తాను. 2021 సెప్టెంబరు 26న శ్రీకాకుళం తీరం దాటిన గులాబ్ తుఫాను తెలంగాణ మీదుగా దేశమంతా అడ్డంగా నడిచి, అరేబియా సముద్రంలో షహీన్‌గా లేచి, అక్టోబరు 3న ఈ బాతినా తీరానికే వచ్చింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, సముద్రం మీద దాన్ని కనిపెట్టింది శాటిలైట్లే, వాటికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఇక్కడ నీళ్ళు సముద్రం వైపు నుంచే రావు. సహంలో ఎండ కాస్తుండగానే వెనక హజర్ కొండల్లో వాన కురిస్తే, ఎండిన వాదీ కాసేపట్లో కార్లని ఈడ్చుకుపోయే ఏరవుతుంది. ఆ కాసేపటి ముందు మనకి కబురందాలంటే కొండ మీద వానని కొలిచే గొట్టం ఉండాలి. అది పనిచేస్తోందో లేదో చూసేవాడూ ఉండాలి.

ప్రతి చలికాలం జెబెల్ షమ్స్ మీద ఉష్ణోగ్రత సున్నాకి దిగగానే ఆ అంకెని వాట్సప్‌లో తిప్పుతున్నది కూడా ఈ దండగ మాస్టార్లే. అది వాళ్ళ ఫోన్లోనే పుట్టిందనుకుంటున్నారు కాబోలు!