సంతకం పెట్టే ముందు ఒక్కమాట

పోయిన శ్రీరామనవమికి భద్రాచలంలో కల్యాణం చూసి, తలంబ్రాలు తెచ్చుకుని పాల్వంచ చేరేసరికి పక్కింట్లో ఏడుపులు. పిన్నిగారి కూతురు పురిటికి వచ్చి ఏడాదైంది. అల్లుడు అమెరికా కోర్టు నుంచి విడాకుల కాగితాలు పంపాడు. వాళ్ల పెళ్లి జరిగింది కూడా అక్కడే.

"ఎక్కడో ఉన్న కోర్టు మనల్నేం చేస్తుంది? చింపి పారెయ్" అన్నాడు మేనమామ. "అక్కడ చేసుకున్న పెళ్లి అక్కడే పోయింది, సంతకం పెట్టేసి వదిలించుకో" అంది పెద్దత్త. నన్నడిగితే రెండూ తప్పే.

మన తెలుగింటి కేసే ఒకటుంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన జంట. భర్త అమెరికా వెళ్లి, 1980లో మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు, రెండో పెళ్లి నేరమని కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ అమెరికా విడాకులు ఇక్కడ చెల్లవంది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో, మామూలుగా విడాకులూ ఆ చట్టం ఒప్పుకునే కారణంతోనే రావాలి అని చెప్పింది. ఆమె ఏం చేసిందో చూడండి. అమెరికా కోర్టు కాగితం చింపి పారెయ్యలేదు. "మీకు నా కేసు వినే అధికారం లేదు, నేను ఒప్పుకోవడం లేదు" అని జవాబు రాసి పంపింది. అలా అభ్యంతరం చెప్పినంత మాత్రాన ఆ కోర్టుకు లొంగినట్టు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఆమె గనక ఒప్పుకుని ఉంటే కథ వేరు. ఇష్టపడి ఒప్పుకున్న విడాకులు ఇక్కడా చెల్లుతాయని ఆ తీర్పులోనే ఉంది. అందుకే సంతకం అంత తేలిక కాదు.

అయితే ఆ పెళ్లి తిరుపతిలో జరిగింది. విదేశంలో పెళ్లయిన పిల్లలకు చిక్కు ఇంకా ఎక్కువ. గుళ్లో తాళి కట్టారా? అక్కడి ఆఫీసులో రిజిస్టరు మాత్రమే చేయించారా? మన రాయబార కార్యాలయంలో చేసుకున్నారా? దాన్నిబట్టి చట్టం మారుతుంది. ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే, 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద కొన్ని షరతులతో ఇక్కడి కోర్టుకూ వెళ్లొచ్చు. ఈ సంగతి పెళ్లికి ముందు ఎవరమైనా అడుగుతామా? ముహూర్తం, నగలు, వీసా అడుగుతాం.

చింపి పారేస్తే ఏమవుతుంది? ఆమె లేకుండానే అక్కడ తీర్పు వస్తుంది. అక్కడ అతను ఒంటరివాడు, ఇక్కడ ఈ పిల్ల ఇంకా భార్యే. మళ్లీ పెళ్లికి లేదు. సగం కాపురం, సగం విడాకులు. ఇంతకంటే నరకం ఉందా?

మా భద్రాద్రి అడవి గూడేల్లో కోయవాళ్లు విడిపోవాలన్నా పెద్దల ముందు ఇరువైపుల వాళ్లూ కూర్చుని తేల్చుకుంటారు. చదువుకున్నవాళ్లం, మనం మాత్రం పోస్టులో పంపుకుంటున్నాం!

విడిపోవద్దని నేననను. కుదరని కాపురంలో పిల్లని కుమిలిపొమ్మనడం పాపం. విడిపోతే తెలిసి విడిపోవాలి, బిడ్డ సంగతీ డబ్బు సంగతీ కాగితం మీద రాయించుకుని విడిపోవాలి అంటాను. లాయరుకి డబ్బుల్లేవని ఆగక్కర్లేదు. ఆడవాళ్లకి, ఆదాయం ఎంతున్నా సరే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. 15100కి ఫోను చేసినా చాలు.

మర్నాడు ఆ పిల్లని నేనే కొత్తగూడెం తీసుకెళ్లాను. పెళ్లి సర్టిఫికెట్టు, గుడి రసీదు, ఫొటోలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని బస్సెక్కాం. దారంతా ఏడవలేదు. "ముందు జవాబు రాస్తాను పిన్నీ, తర్వాత ఆలోచిస్తాను" అంది. ఆ ఒక్క మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది.