కనెక్టరుకిచ్చిన మాట

సావనీరుకి ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగితే, ఛార్జరు పెట్టే కంతని గురించి రాస్తానన్నాను. నవ్వారు. కానీ మీ జేబులో ఉన్న ఆ టైప్-సి కంత వెనక పెద్ద కథే ఉంది.

2014లో దాని ప్రమాణం వెలువడింది. అంతకు ముందు కేబులు కొస చూస్తేనే తెలిసిపోయేది: వెడల్పు కొస కంప్యూటరుది, చిన్న కొస పరికరానిది. టైప్-సిలో రెండు కొసలూ ఒకటే. మరి లాప్‌టాప్ ఫోనుకి కరెంటు ఇవ్వాలా, ఫోను లాప్‌టాప్‌కి ఇవ్వాలా? డేటా ఎవరు నడపాలి? పైగా కరెంటు ఇచ్చేవాడే పెత్తనం చేయాలన్న నియమం కూడా లేదు. మానిటరు లాప్‌టాప్‌కి కరెంటు పోస్తూనే దాని చెప్పుచేతల్లో ఉంటుంది. ఇదంతా ఆపరేటింగ్ సిస్టమ్ మనకి తెలియజేయాలి, మార్చమంటే మార్చాలి.

లినక్స్‌లో 2017 నాటి 4.12 కెర్నెల్‌తో ఇందుకోసం టైప్-సి క్లాసు వచ్చింది. ఒక్కొక్క కంతకి ఒక డైరెక్టరీ. అందులో కరెంటు పాత్రకి ఒక ఫైలు, డేటా పాత్రకి వేరే ఫైలు. రెండు పాత్రలూ చేయగల కంత అయితే 'సోర్స్', 'సింక్' రెండు మాటలూ కనబడతాయి, అమల్లో ఉన్నదాని చుట్టూ చదరపు బ్రాకెట్లు. రెండో మాట రాస్తే పాత్ర మార్చే ప్రయత్నం జరుగుతుంది. అవతలివాడు ఒప్పుకోకపోతే జరగదు, అది వేరే సంగతి.

నాకు నచ్చినది ఆ పేర్ల ఎంపిక. కొన్ని యంత్రాల్లో ఈ బేరసారాలన్నీ ఫర్మ్‌వేరే చూసుకుంటుంది, కొన్నిట్లో కెర్నెలే స్వయంగా చేస్తుంది. అయినా బయటికి కనబడే ఫైళ్ళు అవే. చిప్పు తయారుచేసినవాడి మాటలు కాక, ప్రమాణంలోని మాటలే పేర్లుగా పెట్టారు గనక చిప్పు మారినా మన ప్రోగ్రాము చెక్కు చెదరదు.

కెర్నెల్ లోపలి ఏర్పాట్లను ఎప్పుడైనా తిరగరాసుకోవచ్చు. బయటి ప్రోగ్రాములను మాత్రం చెడగొట్టకూడదని టోర్వాల్డ్స్ పట్టుదల. ఈ ఫైళ్ళ వివరాలను 'టెస్టింగ్' అనే అరలో పెట్టారు. ఆ అరలోవాటిని కూడా ఘోరమైన తప్పో, భద్రతా లోపమో బయటపడితే తప్ప చెడగొట్టరాదనే నియమం ఉంది. అంచేత యూనియన్ ఎన్నికల్లో ఇచ్చినంత తేలిగ్గా ఇక్కడ మాట ఇవ్వకూడదు (సంపాదకులు క్షమింతురు గాక!).

అలాగైతే పాత తప్పులు కలకాలం మోయాలా అని మీరు అడగవచ్చు. మోయాల్సిందే అంటాను. కావాలంటే పక్కన కొత్తది చేర్చుకోవచ్చు. పవర్ డెలివరీ వివరాలు అవసరమైనప్పుడు లినక్స్ వాళ్ళు పాత ఫైళ్ళను కదపకుండా వేరే క్లాసే పెట్టారు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఫైనలియర్‌లో నేనొక రిలే బోర్డుకి ప్రోగ్రాము రాసి జూనియర్లకిచ్చాను. లైన్లు ఒకటి నుంచి లెక్క. తర్వాత నాకు జ్ఞానోదయమై, కంప్యూటరువాళ్ళు సున్నా నుంచే లెక్కపెట్టాలని రాత్రికి రాత్రి మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు. నా దగ్గర అన్నీ చక్కగానే పనిచేశాయి. మర్నాడు ప్రాక్టికల్ పరీక్షలో ఒక జూనియర్ బల్బు వెలిగించబోతే మోటారు తిరిగింది. తప్పు తనదేననుకుని ఆ కుర్రాడు గంటసేపు వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. టైమైపోయింది, మార్కులు పోయాయి. సంగతి తెలిశాక నన్ను ఒక్క మాట అనలేదు. మా లెక్చరర్ గారు మాత్రం, "వాడేవాళ్ళని అడిగావుటోయ్?" అన్నారు.

ఆ బోర్డు ఇంకా ల్యాబులోనే ఉందట. ఆ సాయంత్రమే మూత లోపల ఒక కాగితం అంటించాను. అందులో లైన్లు ఒకటి నుంచే మొదలవుతాయి.