కథకు సెట్టు వేయనక్కరలేదు

నాచారం అనగానే ఒక తరానికి ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో గుర్తొస్తుంది. మన జానపద సినిమాల రాజమహళ్లు అలాంటి స్టూడియోల్లోనే చెక్కతో, రంగుతో లేచాయి. అరబ్బు కథలూ మనకు ఆ దారినే వచ్చాయి. 1957లో అక్కినేని ‘అల్లావుద్దీన్ అద్భుత దీపం’, 1968లో ఎన్టీఆర్ ‘బాగ్దాద్ గజదొంగ’, 1970లో విఠలాచార్య ‘ఆలీబాబా 40 దొంగలు’. ఆ సినిమాలంటే నాకు ప్రాణం. కానీ అవే కథలకు ఇంకో దారి కూడా ఉంది. సినిమా తీయాలని తపిస్తున్న మన కుర్రకారు దాన్ని ఒక్కసారైనా చూడాలి.

ఇటలీ దర్శకుడు పసోలినీ 1974లో వెయ్యిన్నొక్క రాత్రుల కథలను తెరకెక్కించాడు. ఆ ఏడాదే కాన్ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి అందుకున్నాడు. రోమ్‌లో బాగ్దాద్ సెట్టు వేయలేదు. యెమెన్, ఇరాన్, నేపాల్, ఇథియోపియా తిరిగి, ఉన్న కోటల్లో, ఉన్న వీధుల్లో తీశాడు. తారలను పక్కనపెట్టి, నటన వృత్తి కానివారిని ఎందరినో తెచ్చి నిలబెట్టాడు. కథలు చెప్పే షహ్రజాదును సైతం తీసేసి, ఒక కథ కడుపులోంచి మరో కథను పుట్టించాడు.

ఆ సినిమాలో, బానిసల సంతలో జుమురుద్ అనే పిల్లను అమ్మకానికి పెడతారు. కొనేవాణ్ణి ఎంచుకునే హక్కు ఆమెదే. డబ్బున్న ముసలివాళ్లను నలుగురిలో ఎగతాళి చేసి, చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రాణ్ణి కోరుకుంటుంది. కొనడానికి డబ్బు కూడా తానే ఇస్తుంది. తర్వాత మగవేషంలో ఒక నగరానికి చేరి రాజవుతుంది. ఈ కథలో మాయ ఏమీ లేదు. అయినా కళ్లప్పగించి చూస్తాం, ఎందుకంటే ఆ ముఖాలు మనం ఎక్కడో చూసినవే అనిపిస్తాయి. వేరే కథలో వచ్చే భూతం కూడా కొమ్ములూ కోరలూ లేని ఎర్రజుట్టు మనిషే.

నగ్నత్వం ఎక్కువ, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమా కాదు. పరాయివాడు తూర్పుదేశాలను తన మోజుకొద్దీ చూశాడన్న విమర్శలోనూ న్యాయం ఉంది. సరిగ్గా అందుకే ఈ పని మనవాళ్లు చేయాలంటున్నాను. మన కథలను మన ముఖాలతో మనమే తీసుకుంటే ఆ పేచీ ఉండదు.

కథలకు కొదవ లేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ గొల్లపిల్లవాడికి కథ చెబుతూ నడుస్తాడు. ‘పాతాళభైరవి’కి మూలం అక్కడే దొరికింది. ఇప్పుడు జానపదం అంటే వందల కోట్ల గ్రాఫిక్స్ అన్న భయం పాతుకుపోయింది. ఆ భయమే కొత్తవాళ్లను గుమ్మంలోనే ఆపేస్తోంది.

చోటుకూ కొదవ లేదు. ఉప్పల్ రింగురోడ్డులో వరంగల్ బస్సు ఎక్కితే గంటన్నరలో భువనగిరి కోట. ఏకశిల మీద చాళుక్యుల నాటి గోడలు, ఏ ఆర్ట్ డైరెక్టరూ కట్టలేనివి. ఆ బస్సు కోసం మూటలతో నిలబడే జనంలో, నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చే కార్మికుల్లో రాజులూ, మంత్రగాళ్లూ, మారువేషాల రాకుమార్తెలూ ఉన్నారు. కోట రక్షిత కట్టడం గనుక అక్కడ షూటింగుకు అనుమతి కావాలి. విద్యార్థులకూ కొత్తవాళ్లకూ ప్రభుత్వం దాన్ని తేలిక చేయాలి, రుసుము తగ్గించాలి. కుర్రాళ్లు ఒక్క మజిలీ కథ ఎంచుకుని, చేతిలో ఉన్న కెమెరాతోనే మొదలుపెట్టాలి. ఆ సినిమా వస్తే మొదటి టికెట్టు నేనే కొంటాను.