ఆ రెండు గంటలు ఎవరివి?

ముప్పై అయిదేళ్ల వయసులో, లెక్కలు రాసే ఉద్యోగం వదలి సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటానని ఇంటి యజమాని అంటే, ఆ ఇంట మొదట పుట్టేది భయమే. ఆ భయాన్ని మేము తప్పుపట్టము. ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఎవరి ఆశల కోసమూ ఆగవు.

అయితే వయసు మించిపోయిందనే మాటను మాత్రం మేము అంగీకరించము. అమెరికాకు చెందిన క్విన్సీ లార్సన్ పాఠశాల నిర్వహణలో ఉంటూ, ముప్పై ఏళ్ల ప్రాయంలో సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. 2014లో ఫ్రీకోడ్‌క్యాంప్ స్థాపించి ఆ విద్యను అందరికీ ఉచితం చేశారు. మన ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలూ ఉచితమే.

కనుక అప్పు చేసి శిక్షణలో చేరే ముందు, ఉద్యోగం మానకుండానే రోజుకు రెండు గంటలు కేటాయించాలి. పాఠాలు చూడడమే నేర్చుకోవడం కాదు. తాను ఎరిగిన పనికే, దుకాణపు బాకీలకో సరకు నిల్వకో, స్వయంగా ప్రోగ్రాము రాయాలి. అది మొరాయించినప్పుడు తప్పెక్కడో వెదకి పట్టుకోవడమే అసలు చదువు. పాత వృత్తిలోని అనుభవం అక్కడ అక్కరకు వస్తుంది.

ఆ రెండు గంటలు ఆయన ఒక్కరివే కావు. ఆ వేళ పిల్లలను నిద్రపుచ్చేది, వంటిల్లు సర్దేది ఇల్లాలే. కొత్త ఉద్యోగం వచ్చినా, రాకున్నా ఆ ఋణం మరువరాదు. రేపు ఆమె నేర్చుకోగోరితే, వంటిల్లు సర్దడం ఆయన వంతు.