పరీక్షల ముంగిట పిల్లల ఇంగ్లీషు చదువు: మనం చేయవలసినదేమిటి?

సంక్రాంతి సెలవులు ముగిసి పాఠశాలలు తిరిగి తెరచిన నాటినుండి పదో తరగతి పరీక్షలు పూర్తయ్యేవరకు మన రైల్వే కాలనీలలోను, తపాలా ఉద్యోగుల ఇళ్ళలోను ఏటా ఒకే దృశ్యం కనబడుతుంది. ఉదయం ప్రత్యేక తరగతులు, సాయంత్రం స్టడీ అవర్లు, రాత్రి ట్యూషన్లు. ప్రీ-ఫైనల్ పరీక్షలు అయ్యేసరికి పిల్లల ముఖాలలో కళ తప్పిపోతుంది. భయంతోనైనా లెక్కలు చేస్తారు. సాంఘిక శాస్త్రం ఎలాగో బట్టీ పడతారు. ఇంగ్లీషు పుస్తకం మాత్రం తెరిచిన పుట తెరిచినట్లే ఉంటుంది. “వీడికి చదువు మీద ధ్యాస లేదు” అని తండ్రి విసుక్కుంటాడు. “ఈ ఏడాది పిల్లలు ఇంతే” అని ఉపాధ్యాయుడు నిట్టూరుస్తాడు.

ఈ తీర్పుతో మేము ఏకీభవించడం లేదు. ఏడాది పొడవునా ఎంతో కొంత ఇష్టంగా చదివిన పిల్లలకు చివరి రెండు నెలలలో ఆ ఇష్టం ఎందుకు చచ్చిపోతున్నది? ఆ భాషతో తమకు కలిగే ప్రయోజనం వారి కళ్ళముందునుండి తొలగిపోవడమే దీనికి కారణమని మా అభిప్రాయం. దానిని తిరిగి వారి ముందు నిలపగలిగితే ప్రోత్సాహం దానంతటదే వస్తుంది. అందులో ఉపాధ్యాయులతో పాటు మనకూ భాగమున్నది.

ఇది మన సమస్య ఎందుకయింది?

“ఉద్యోగ సంఘ పత్రికకు ఇంగ్లీషు పాఠాలతో ఏమి పని?” అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉన్నది.

గ్రామీణ డాక్ సేవక్ నియామకాలకు వేరుగా రాతపరీక్ష లేదు. పదో తరగతి మార్కుల ఆధారంగానే ఎంపిక జరుగుతుంది. గణితంతోపాటు ఇంగ్లీషులో కూడా ఉత్తీర్ణులై ఉండటం తప్పనిసరి. అంటే, మార్చి నెలలో ఇంగ్లీషు పుస్తకాన్ని పక్కకు నెట్టిన పిల్లవాడు తనకు తెలియకుండానే ఒక ఉద్యోగపు తలుపు మూసుకుంటున్నాడన్నమాట. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షను తెలుగులో రాయవచ్చు, నిజమే. కాని ఉద్యోగంలో చేరిన తర్వాత చేతికందే కాగితం తెలుగులో ఉండదు.

దీర్ఘకాలం సంఘం పనిలో ఉండి మేము చూసిన సంగతి ఇది. చార్జిషీటు అందుకొని, అందులో ఏమున్నదో తెలియక, చూపిన చోట సంతకం పెట్టి, తప్పు ఒప్పుకొన్నట్లు రాసియిచ్చి ఇంక్రిమెంటు పోగొట్టుకొన్న కార్మికులు ఎందరో ఉన్నారు. రైల్వేలో ఎస్.ఎఫ్. 11 చార్జిషీటుకు పది రోజులలో జవాబు ఇవ్వాలి. ఆ పదింటిలో నాలుగు రోజులు దానిని చదివి చెప్పేవారికోసం తిరగడంలోనే గడిచిపోతాయి. తపాలా శాఖలో రూల్ 16 కింద వచ్చే కాగితం కథా ఇంతే. ఆ ఇంట్లో తొమ్మిదో తరగతో, పదో తరగతో చదివే బిడ్డ ఒకరు ఉంటారు. ఆ బిడ్డ ఆ కాగితం విప్పి “నాన్నా, ఇందులో ఈ తేదీన నీవు డ్యూటీలో లేవని రాశారు” అని చెప్పగలిగితే చాలు. సగం కేసు మనం గెలిచినట్లే.

ఇంగ్లీషు మీద మాకు వల్లమాలిన మోజు ఏమీ లేదు. మాతృభాషలో గట్టి పునాది లేనిదే పరభాష అబ్బదని నమ్మేవాళ్ళమే. మాధ్యమం గురించిన వివాదం వేరు. దానిని ఇక్కడ తిరగదోడడం లేదు. అయితే తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23లో ఒకటినుండి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఇప్పుడు ఆ పిల్లలు పదో తరగతికి చేరారు. వారికి ఇంగ్లీషు ఒక్క పేపరుతో పోయేది కాదు. అందులో ఆసక్తి చస్తే మిగిలిన సబ్జెక్టులు కూడా కుంటుపడతాయి.

లోపం ఎక్కడున్నది?

ఏటా జనవరినుండి వాచకం పక్కకు పోతుంది. దాని స్థానంలో గైడు, మోడల్ పేపర్లు, జిరాక్సు కాగితాల కట్టలు వస్తాయి. పోరాడి సాధించుకొన్న పిల్లల విద్యాభత్యం 2024 జనవరి 1నుండి నెలకు రూ. 2,812.50 అయింది. అందులో ఎంత భాగం ఈ గైడ్లకు, ట్యూషన్లకు పోతున్నదో మనకందరికీ తెలిసినదే.

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో, ఒక జంక్షన్ కాలనీలోని మన యూనియన్ ఆఫీసు హాలులో, పదకొండుమంది పదో తరగతి పిల్లలను సాయంత్రం పూట కూర్చోబెట్టాము. స్నేహితునికి లేఖ రాయమన్నాము. పదకొండుమందిలో తొమ్మిదిమంది ఒకే లేఖ రాశారు. అక్షరం పొల్లుపోలేదు. పుట్టినరోజు విందుకు రమ్మని పిలుపు, వేదిక ఒక పెద్ద హోటలు, తండ్రి డాక్టరు. ఆ తొమ్మిదిమందిలో ఒక్కరి తండ్రి కూడా డాక్టరు కాడు. ట్రాక్ మెయింటెయినర్లు, పాయింట్స్‌మన్, పోస్ట్‌మన్, ఆర్.ఎం.ఎస్. సార్టర్ — వీరి బిడ్డలు వారు. హోటలులో పుట్టినరోజు జరుపుకొన్నవారు లేరు. తమది కాని జీవితాన్ని, తమవి కాని మాటలలో, తమకు అర్థం కాకపోయినా వల్లె వేశారు. అటువంటి చదువు మీద విసుగు పుట్టకపోతేనే ఆశ్చర్యపడాలి!

మరొక అనుభవం కూడా మరువరానిది. 2020లోను, 2021లోను కోవిడ్ కారణంగా రెండు తెలుగు రాష్ట్రాలలో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. పరీక్ష లేదని తెలిసిన రోజునే ఎన్ని ఇళ్ళలో పుస్తకం మూతబడిందో మనం చూశాము. పరీక్ష ఒక్కటే ప్రేరణ అయినప్పుడు పరీక్షతోపాటు ప్రేరణా పోతుంది. పరీక్ష మీది భయం కొంతదూరమే నడిపిస్తుంది.

ఆ హాలులో మేము చూసినది

మరుసటి వారం గైడ్లు ఇంటివద్ద పెట్టి రమ్మన్నాము. రెండు కథలు తీసుకొన్నాము. రెండూ వాచకాలలోనివే. మొదటిది మరాఠీ రచయిత వామన్ హోవాల్ రాసిన ‘ద స్టోరీడ్ హౌస్’. పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో అది పాఠంగా వచ్చింది. బొంబాయి డాక్‌లో పనిచేసి రిటైరైన బయాజీ అనే దళిత కార్మికుడు సొంత ఊరికి వచ్చి మేడ కట్టాలనుకొంటాడు. ఊరి పెద్దలు సహించరు. ఇల్లు తగలబడుతుంది, బయాజీ చనిపోతాడు. కొడుకులు మళ్ళీ పునాది తవ్వడం మొదలుపెడతారు. రెండవది కేంద్రీయ విద్యాలయాలలో, ఇతర సి.బి.ఎస్.ఇ. పాఠశాలలలో చదివే పిల్లల ‘ఫస్ట్ ఫ్లైట్’ వాచకంలోని మొదటి పాఠం. మెక్సికో రచయిత జి. ఎల్. ఫ్యుయెంటెస్ కథ. వడగళ్ళకు పంట పోయిన రైతు వంద పెసోలు పంపమని దేవునికి ఉత్తరం రాస్తాడు. పోస్ట్‌మాస్టరు తన జీతంలో కొంత వేసి, సిబ్బందివద్ద చందా పోగుచేసి పంపుతాడు. డబ్బు తక్కువ వచ్చిందని ఆ రైతు, పోస్టాఫీసువాళ్ళే దొంగలని దేవునికి తిరిగి రాస్తాడు.

ఈ కథ ముగిసేసరికి పోస్ట్‌మన్ కొడుకు లేచి నిలబడ్డాడు. “ఇది అన్యాయం సార్, పోస్ట్‌మాస్టరు తరఫున జవాబు రాయాలి” అన్నాడు. అయితే నీవే రాయమన్నాము. అరగంట తల వంచుకొని రాశాడు. క్రియలలో కాలాలు తప్పాయి. కాని, ఆ తప్పులు దిద్దుతుంటే శ్రద్ధగా విన్నాడు. అవి తన వాక్యాలు గనుక. అంతకుముందు నెలరోజులుగా దిద్దిన కాగితాలను అతడు మడిచి జేబులో పెట్టుకొనేవాడు.

ట్రాక్ మెయింటెయినర్ కూతురు ఒకతె తన తండ్రి రాత్రి పెట్రోలింగు గురించి రాసింది. మంచులో లాంతరు పట్టుకొని పట్టాల వెంట నడక, చేతిలో సుత్తి, జోళ్ళలోకి దిగే చలి. ‘సుత్తి’కి, ‘మంచు’కు ఇంగ్లీషు మాటలు నిఘంటువులో వెదికింది. పదకొండు పంక్తులయింది. ఆమె చదువుతుంటే ఆమె తండ్రి డ్యూటీకి పోతూ వాకిట్లో నిలబడి విన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఫిష్‌ప్లేట్, స్లీపర్, జాయింట్, సిగ్నల్ అన్న మాటలు వచ్చినప్పుడల్లా తల ఊపాడు. “సగం నాకు తెలిసిందే” అన్నాడు బయటకు వస్తూ. ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. బ్యాగు, సార్టింగు, డెలివరీ, మనియార్డరు, లూప్ లైను, బ్యాలస్టు: మన పని మాటలలో ఎన్నో ఇంగ్లీషువే. మన ఇళ్ళలో ఇంగ్లీషు లేదన్నది ఒక భ్రమ. ఉన్నదానిని బిడ్డ పుస్తకంతో కలిపే పనే మిగిలి ఉన్నది.

“కథలు బాగానే ఉన్నాయి, మార్కుల మాటేమిటి?” అన్న ప్రశ్న సహజం. పరీక్షలో చదవని గద్యభాగం ఇచ్చి ప్రశ్నలడుగుతారు. లేఖ రాయమంటారు. వల్లె వేసినవాడు ఈ రెండింటివద్దనే తడబడతాడు. చదివి అర్థం చేసుకోవడం, తన మాటలలో రాయడం అలవడినవాడికి 35 మార్కులు గండం కావు. మోడల్ పేపర్లు మానివేయమని మేము అనడం లేదు. వారానికి రెండు చాలు. మిగిలిన రోజులు భాషకు వదలండి.

చివరి ఎనిమిది వారాలకు ఒక కార్యక్రమం

మన శాఖలు ఆచరించదగిన కొన్ని విషయాలు ఇక్కడ సూచిస్తున్నాము.

ఒకటి: రోజుకు అరగంట. ఒక పేరా చదవడం, అయిదు వాక్యాలు రాయడం. మొదటి వారం రాసిన కాగితాన్ని దాచి, ఆరో వారం రాసినదాని పక్కన పెట్టి చూపండి. తన ఎదుగుదలను తన కళ్ళతో చూసుకొన్న పిల్లవాడికి ఉపన్యాసాలు అక్కరలేదు.

రెండు: లేఖ రాయిస్తే దానిని నిజంగా పోస్టు చేయించండి. కాలనీలో నీటి కుళాయి పాడయితే సంబంధిత అధికారికి దరఖాస్తు ఆ బిడ్డ చేత రాయించండి. బ్రాంచి కార్యదర్శికి రాసిన లేఖకు కార్యదర్శి తప్పక జవాబు ఇవ్వాలి. ప్రపంచ తపాలా సమాఖ్య 1971నుండి పిల్లలకు అంతర్జాతీయ లేఖారచన పోటీ నడుపుతున్నది. మన తపాలా శాఖ ‘ఢాయీ ఆఖర్’ పేరుతో ఉత్తరాల పోటీలు నిర్వహించింది. ఈ ప్రకటనలు మొదట చూసేది మన తపాలా సోదరులే. వాటిని నోటీసు బోర్డు మీదనే వదలక బడులకు చేర్చడం వారి వంతు.

మూడు: తొమ్మిదో తరగతివారిని మరువరాదు. మార్చిలో బడి పరీక్షా కేంద్రమవుతుంది, ఉపాధ్యాయులు ఇన్విజిలేషన్‌కు పోతారు, చిన్న తరగతుల పాఠాలు చెట్టెక్కుతాయి. పదివారు చదివిన కథను తొమ్మిదివారికి చెప్పేలా చేయండి. చెప్పినవారికి మరింత బాగా వస్తుంది, విన్నవారికి వచ్చే ఏటి బెరుకు తీరుతుంది.

నాలుగు: తల్లిదండ్రులకు మనవి. నైట్ డ్యూటీ దిగివచ్చిన అలసటలో మనం అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని మార్కులు?” అన్నదే. దానికి బదులు “ఈ రోజు ఏమి చదివావు? నాకు తెలుగులో చెప్పు” అనండి. ఇంగ్లీషులో చదివినదానిని తెలుగులో చెప్పగలిగితే అర్థమయినట్లే. ఈ పరీక్ష పెట్టడానికి మనకు ఇంగ్లీషు రానక్కరలేదు. పక్కింటి పిల్లవాడితో పోల్చడం మాత్రం మానండి.

మన కోర్కెలు

ఇదంతా తల్లిదండ్రుల మంచితనం మీదనే వదలివేయదగిన విషయం కాదు. ఉపాధ్యాయుల ఖాళీలు భర్తీ కావాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా బోధనేతర విధులకు ఉపాధ్యాయులను నియోగించరాదని చెబుతున్నది. ఆ మాట కాగితానికే పరిమితం కాకూడదు. జనవరి, మార్చి నెలల మధ్య మన ఉద్యోగుల బదిలీలు నిలిపివేయాలి. పదో తరగతి బిడ్డ ఉన్న ఇంటిని ఫిబ్రవరిలో కదిలించడం ఎంత క్రూరమో పాలకవర్గాలు గుర్తించాలి. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో పేకాట బల్లల పక్కన ఒక చదువుగదికి కూడా చోటు ఉండాలి. ఇందుకు పై ఉత్తర్వులకోసం ఎదురుచూడవలసిన పని లేదు. ఇన్‌స్టిట్యూట్ కమిటీలలో ఉన్నది మనవారే.

ఆ పదకొండుమందిలో ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో ఇక్కడ ఏకరువు పెట్టబోము. ఒక్క సంగతి మాత్రం చెబుతాము. పరీక్షలయిపోయిన తర్వాత, ఏప్రిల్ ఎండలలో, ఏ అవసరమూ లేని రోజున, ఆ బాలిక యూనియన్ ఆఫీసుకు వచ్చి “చదవడానికి ఇంకో కథ ఉన్నదా?” అని అడిగింది. సంవత్సరాంతంలో బిడ్డ చేతినుండి పుస్తకం జారిపోకూడదని మనం కోరేది ఇందుకే.

ప్రతి శాఖ ఈ జనవరిలోనే ఒక గది, రెండు బల్లలు, ఒక నిఘంటువు, వారానికి మూడు సాయంత్రాలు కూర్చోగల ఒక చదువుకొన్న సభ్యుని ఏర్పాటు చేసుకోవాలని, అనుభవాలను ఈ పత్రికకు రాసి పంపాలని విజ్ఞప్తి చేస్తున్నాము.