గ్లోస్టిక్కులు ఆరిపోయాక..

మొన్న మా అన్నయ్య పాత హార్డ్ డిస్క్ సర్దుతుంటే క్లాక్సన్స్ మొదటి ఆల్బమ్ దొరికింది. వారం నుంచీ అదే వింటున్నా.

2005లో లండన్‌లో మొదలైన బ్యాండ్. పంక్ గిటారూ, రేవ్ పార్టీల బీటూ కలిపి వాయించేవాళ్ళు. కచేరీ అంటే గ్లోస్టిక్కులు, సైరన్ మోత, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గెంతే కుర్రకారు. ఆ గోలకి సగం సరదాగా 'న్యూ రేవ్' అని పేరుపెట్టారు. ఎన్ఎమ్ఈ పత్రిక దాన్ని భుజానికెత్తుకుంది. వీళ్ళు పైకొచ్చింది ఆ పేరుతోనే.. నా మటుకు నాకు, ముంచిందీ అదే.

అసలు పాటలు వింటే కదా! 2006లో వచ్చిన మొదటి సింగిల్ పేరు థామస్ పించన్ నవలది. 2007 జనవరిలో వచ్చిన ఆల్బమ్ పేరు జె.జి. బల్లార్డ్ పుస్తకానిది. మెరుపు చొక్కాల వెనక ఇంత చదువుంది. 'గోల్డెన్ స్కాన్స్'లో గొంతులు కలిసేచోట గెంతడం ఆపి వినాలనిపిస్తుంది.

ఆ ఏడాది మెర్క్యురీ ప్రైజ్ ఎమీ వైన్‌హౌస్ 'బ్యాక్ టు బ్లాక్'ని కాదని వీళ్ళకిచ్చారు. నిజం చెప్పాలంటే నేనైతే ఎమీకే ఇచ్చేవాణ్ణి. కానీ ఆ కోపంతో వీళ్ళని గ్లోస్టిక్కుల బ్యాచ్ అని కొట్టిపారేయడం అన్యాయం.

రెండో ఆల్బమ్‌లో కొత్త దారి పడితే, 2009లో పాలిడార్ కంపెనీ కొంత మళ్ళీ రికార్డ్ చెయ్యమంది (క్లయింట్ బిల్డ్ తిప్పికొట్టినప్పుడు మన మొహాలు గుర్తొచ్చాయి). అది బయటికొచ్చేసరికి 2010. ఈలోపు ఫ్యాషన్ మారిపోయింది. 2015లో దుకాణం కట్టేశారు.

వీలైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓసారి వినండి, లైట్లు ఆర్పేసి.