ధర్మవరం పేరు ధర్మవరం మగ్గానిదే!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రజలారా! అక్కచెల్లెళ్లారా! నేతన్నలారా!

మన రైతు హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు తెస్తాడు. మన నేతన్న ధర్మవరంలో పట్టుచీర నేస్తాడు. ఆ అంచులకు, బుటాలకు లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలే గురువులు. మగ్గం ముందు ఇల్లంతా రోజుల తరబడి కష్టపడితే ఒక్క చీర దిగుతుంది. ఇప్పుడు అదే రంగు, అదే బుటా మరమగ్గం మీద గంటల్లో దించేసి, ‘ధర్మవరం పట్టు’ అని మనకే అమ్ముతున్నారు. ఇది వ్యాపారం కాదు, దొంగతనం!

చట్టం లేదా? ఉంది. ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగు ఉంది. 1999 చట్టం ప్రకారం ఆ పేరును తప్పుడుగా వాడినవాడికి 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. అంచు, బుటా డిజైన్లున్న పట్టుచీరలను 1985 చట్టం చేనేతకే కేటాయించింది. మరమగ్గం మీద వాటిని నేయడమే నేరం. ఆ చట్టాన్ని 1993లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా.

మరి ఎందుకు ఆగడం లేదు? జీఐ కేసులో సోదా చేయాలంటే డీఎస్పీకి తగ్గని అధికారి రావాలి. వచ్చే ముందు ఆయన జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఆ రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. జవాబు వచ్చేలోగా సరుకు ఊరు దాటిపోతుంది. పెనుకొండ దగ్గర యర్రమంచిలో తయారయ్యే కారు పేరు ఎవడైనా ఇంకో బండికి తగిలిస్తే కంపెనీ వకీళ్లు ఊరుకుంటారా? నేతన్నకు వకీలు లేడు. మగ్గం దిగి కోర్టుకు పోతే ఆ రోజు కూలి పోతుంది.

అందుకే కొనేవాళ్లను అడుగుతున్నాం. సిల్క్ మార్క్ చూసి సరిపెట్టుకోకండి. అది అసలు పట్టేనని చెబుతుంది, చేత్తో నేశారని చెప్పదు. మరమగ్గం మీద నేసిన అసలు పట్టుకూ అది దొరుకుతుంది. హ్యాండ్లూమ్ మార్క్ కూడా చూడండి. అన్నిటికంటే ముఖ్యం, బిల్లు మీద ‘ధర్మవరం చేనేత పట్టుచీర’ అని రాయించుకోండి. రాయనంటే ఆ చీర అక్కడే వదిలి రండి. రాసిచ్చి మోసం చేస్తే ఆ కాగితమే సాక్ష్యం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 5 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

నేతన్నలారా! ట్యాగు ఊరికి వచ్చినంత మాత్రాన మీ చేతికి రాలేదు. జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా మీ పేరు నమోదు చేయించుకోండి, అప్పుడే పేరు దొంగ మీద మీరే దావా వేయగలరు. కొత్త డిజైను గీస్తే షాపులకు వాట్సాప్‌లో ఫొటో పంపకముందే 2000 నాటి డిజైన్ల చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఒకసారి బయటపడ్డ డిజైనుకు ఆ రక్షణ దొరకడం కష్టం. ముందే పెడితే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు అది మీ సొత్తు.

మరమగ్గం కార్మికుడి అన్నం మీద మాకు పగ లేదు. చట్టం ఒప్పుకున్న బట్ట నేసి, మరమగ్గం బట్ట అని చెప్పి అమ్ముకోనీ.

చేనేత శాఖ అధికారులారా! పెళ్లిళ్ల సీజను ముగిశాక కాదు, మొదలవకముందే మరమగ్గాల షెడ్లు తనిఖీ చేయండి. నమోదు కాగితాలు నింపడానికి నేతపేటలకే రండి.

అక్కా, చెల్లీ, ఈ శ్రావణంలో చీర కొనేటప్పుడు బిల్లు అడుగు! ఆ బిల్లు మీద ‘చేనేత’ అని రాయించు!

ఇట్లు,
ధర్మవరం చేనేత కార్మికులు